చర్చ పేజీ చదవని సారు

23వ రోజు

ముందుగాల ఒక మాట. ఈ రోజువారీ రాసుడు నాకు ఇష్టం లేని పని. పంతుళ్ళందరు రాయాలెనని బడి కమిటీ తీర్మానం చేసింది. సరే, రాస్తాన్న. నా పేరు రామిళ్ళ ఓదెలు. నాలుగో గని బడిల పెద్దసారును. యాభై ఎనిమిదేండ్లు. మోకాళ్ళు పోయినయి, నోరు మాత్రం మంచిగనే ఉన్నది.

మేం కిందికి దిగి ఇయ్యాటికి ఇరవై మూడు రోజులు. మీద పొద్దున తొమ్మిదింటికే యాభై డిగ్రీలు దాటుతాందని పోశం చెప్పిండు. గనిల గాలి ఆడించే పెద్ద ఫ్యాన్‌ను చూసుకునేది ఆయననే, నా చిన్ననాటి దోస్తు. వానలు పడేదాక ఈ పాత బొగ్గు గనిలనే మా ఊరు, మా వంట, మా బడి. పొద్దుగాల నా వంతు నీళ్ళు మోసిన. జొన్నరొట్టె, పుట్టగొడుగుల కూర తిన్న. వరుసగ ఇరవై మూడోరోజు అదే కూర. కమిటీకి ఈ సంగతి సుత తెల్వాలె.

ఇయ్యాల నా చాతీ ఉబ్బింది. ఏడో గని నుంచి కబురు వచ్చింది. వాళ్ళు కొత్తగ బడి పెడుతున్నరట, మా ఉమ్మడి పుస్తకం నకలు కావాలెనట. తీసుకపోవడానికి శాంభవి అనే టీచరమ్మ వస్తాంది.

ఉమ్మడి పుస్తకం అంటే పాతకాలపోళ్ళు వికీ అనేటోళ్ళే, అదే. పదకొండేండ్ల కింద మేం మొదటిసారి దిగినప్పుడు పుస్తకాల పెట్టెలు చెదలు తిన్నయి. మూడొందల నలభై మంది పిల్లలు, ముగ్గురం సార్లం, ఒక పెట్టెడు పాత పలకలు, అంటే తెరలుండే పలకలు. ఏం చెయ్యాలె? మీరే రాయుండ్రి అన్న. ఒగలు రాయాలె, ఇంకొగలు దిద్దాలె, ఎవ్వలు ఎవ్వల రాతనైనా మార్చొచ్చు. ఎవ్వలు ఏం మార్చిన్రో, ఎప్పుడు మార్చిన్రో చరిత్రల ఉంటది. ఆ పాఠం మీద ముచ్చట పెట్టుకోవాలంటే పక్కన చర్చ పేజీ ఉంటది. గంతే నియమం.

అబ్బ, ఏం పిల్లలు! భిన్నాల పాఠం చూస్తే నాకు ఇప్పటికీ నవ్వు, ముచ్చట. పదో తరగతి పోరడు రొట్టె ముక్కలతోని చెప్పిండు. తొమ్మిదేండ్ల పిల్ల దాన్ని కొట్టేసి రాసింది: "రొట్టె కోస్తే ఎవ్వలో ఒగలు పెద్ద ముక్క గుంజుకుంటరు. నీళ్ళయితే గీత చూసి పోస్తరు. అందుకే భిన్నాలు నీళ్ళ వంతుతోని చెప్పాలె." ముప్పై ఏండ్ల సర్వీసుల నాకు తట్టని మాట అది. ఆ పదో తరగతోడు అలగలే, ఆ పిల్ల రాతకు బొమ్మ గీసిచ్చిండు.

ఇంకో మాట సుత రాసుకుంట. ఈ పదకొండేండ్లల నేను రాసిన పేజీలల్ల ఒక్క అక్షరం ఎవ్వలు మార్చలే. తప్పుంటే కదా మార్చడానికి!

26వ రోజు

అరికాలి మంట నెత్తికెక్కింది.

పొద్దున మార్పుల జాబితా తీసిన. గాలి పాఠంల నా రాత కొట్టేసి ఉన్నది. నా రాత! ఎవ్వలని చూస్తే గుండేటి సారిక, ఎనిమిదో తరగతి, పదమూడేండ్ల పిల్ల. ఎన్నడు పెద్దగ మాట్లాడది. ఎనుక బెంచీల కూసుంటది.

గాలి పాఠం అంటే, మూసి ఉన్న పాత గ్యాలరీ, అంటే బొగ్గు తవ్విన సొరంగం, తెరిచే ముందు గాలి మంచిదో చెడ్డదో మీటర్‌తోని ఎట్ల చూడాలెనో చెప్పే పాఠం. మొదటేడు నేనే రాసిన: "చెడ్డగాలి బరువుగ ఉంటది, నేల మీద కూసుంటది. మీటర్‌ను మోకాలెత్తుల పట్టి చూడాలె. సున్నా ఉంటే లోపలికి పోవచ్చు." కింద నా పేరు.

ఇది నేను ఊకె రాసింది కాదు. మా నాయిన మంచినీళ్ళ బాయిలల్ల పూడిక తీసేటోడు. దిగేముందు కందిలికి తాడు కట్టి అడుగుదాక దింపేటోడు. దీపం ఆరిపోతే దిగకపోయేటోడు. ఆ కందిలి వల్లనే మా నాయిన డెబ్బై ఏండ్లు బతికిండు. ఇగ సారిక ఏం రాసింది? "మూసిన బొగ్గు గ్యాలరీల మండే గాలి తేలికగ ఉండి పైకప్పుకు అంటుకొని ఉంటది. మీటర్‌ను మొదలు పైన చూడాలె, తర్వాత నడుమ, తర్వాత కింద."

రద్దు అని ఉన్న బొత్తం నొక్కిన. నా రాత మళ్ళ వచ్చింది. అంతటితోని ఊకున్ననా? ఊకోలే. తరగతికి పోయి నిలబెట్టిన.

"ఏందే సారికా, నాకన్న పెద్దసారువైనవా?"

తల దించుకున్నది.

"నేను పుట్టించిన పుస్తకంల నన్నే కొట్టేస్తవా? తెల్వకపోతే అడగాలె."

"చర్చల రాసిన సార్," అన్నది, ఇనబడీ ఇనబడనట్టు.

"చర్చల మీరు పెట్టుకునే ముచ్చట్లు చదివే తీరిక నాకు లేదు. నోటితోని అడుగు."

నోరు తెరిచింది. అప్పటికే నేను రెండో తిట్టు మొదలుపెట్టిన. నోరు మూసుకున్నది. కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. "తప్పైంది సార్," అని కూసున్నది. మంచిగనే బుద్ధి చెప్పిన అనుకుంట బయటికొచ్చిన.

30వ రోజు

శాంభవి నిన్న తెల్లారకముందే వచ్చింది. మీద తొవ్వల ఆరు కిలోమీటర్లు నడిచి వచ్చిందట, ఎండ రాకముందే చేరాలెనని సగం దూరం ఉరికిందట. ఇరవై నాలుగేండ్లుంటయి. సంచిల ఒక చిన్న పలక, రెండు రొట్టెలు. ఏడో గనిల ముప్పై ఒక్క మంది పిల్లలకు ఆమె ఒక్కతే టీచరు.

రెండు రోజులు ప్రతి తరగతిల కూసున్నది. పిల్లలు రాసుకునుడు, దిద్దుకునుడు చూసి నోరు వెళ్ళబెట్టింది. ఆరో తరగతిల ఇద్దరు, తేలు కుడితే ఏం చెయ్యాలె అన్న పాఠం మీద గంట సేపు కొట్లాడిన్రు. చివరికి ముసలవ్వలను, మందులమ్మను అడిగొచ్చి, ఇద్దరి రాతలు కలిపి ఒకటి చేసిన్రు.

"సార్, వీళ్ళకు పరీక్ష ఎందుకు? వీళ్ళే పుస్తకం," అన్నది శాంభవి. ఆ మాటకు నాకు కండ్లల్ల నీళ్ళొచ్చినయి, అబద్ధమెందుకు.

సాయంత్రం నకలు తీసుకునేటప్పుడు ఆమె పలక చిన్నదైంది. అన్నీ పడతలేవు.

"చరిత్రలు, చర్చలు వదిలెయ్యి బిడ్డా," అన్న. "పాఠాలు పడితే చాలు. మిగిలింది పిల్లల లొల్లి."

వదిలేసింది. "సార్, మాకు పక్కకే ఒక పాత గ్యాలరీ దొరికింది. గోడ కట్టి మూసి ఉన్నది. లోపలి నీళ్ళు మోటర్‌తోని తోడి దాన్ని బడి చేసుకుంటం. రేపు సాయంత్రం ఆరింటికి తెరవాలె, పిల్లలు ఉరుకులాడుతున్నరు. ముందు ఏ పాఠం చదివించాలె?"

గాలి పాఠం తీసి నేనే చూపించిన. కింద నా పేరు చూసి నా దిక్కు చూసి నవ్వింది. నాకు లోపల మస్తు గర్వమైంది.

31వ రోజు

ఇది ఏడో గనిల కూసొని రాస్తాన్న. వరుసగ రాస్త.

శాంభవి పొద్దున నాలుగింటికే వెళ్ళిపోయింది. పదకొండింటికి పుట్టగొడుగులు పెంచడానికి మా గనిల ఒక పాత గ్యాలరీ తెరిచే పని ఉండె. అది పిల్లల పని, నేను పోక ఐదారేండ్లయింది మోకాళ్ళ వల్ల. ఇయ్యాల ఏం బుద్ధి పుట్టిందో, శాంభవి పొగడ్తలు తలకెక్కినయో, పోయిన.

మీటర్ పట్టుకున్న పిల్లోడు వంగి మోకాలెత్తుల చూసిండు. సున్నా. నేను తల ఊపిన. ఇగ లోపలికి పోతరనుకున్న. పోలే. ఇంకో పిల్ల గోడకు ఆనించి ఉన్న పొడుగు కట్టె తీసుకొచ్చింది. మీటర్‌ను దాని కొసకు కట్టి పైకప్పుదాక లేపిన్రు. మీటర్ కుయ్యిమన్నది. మండే గాలి ఒకటి పాయింట్ రెండు శాతం. అందరు వెనుకకు జరిగిన్రు. ఒగడు పోశంకు సైగ చేసిండు, ఫ్యాన్ గాలి అటు తిప్పిన్రు, అరగంట కూసున్నరు. మళ్ళ చూసిన్రు. సున్నా అయినంకనే లోపలికి పోయిన్రు.

"ఇదెక్కడిదిరా? పాఠంల లేదు కదా?" అన్న.

అందరు ఒగల మొఖం ఒగలు చూసుకున్నరు. చివరికి మూడో తరగతి బుడ్డది ఒకతి, దానికి దాచుకునుడు ఇంకా రాదు, గడగడ అప్పజెప్పింది: "కింద చూసుడు సార్ మర్యాదకు, పైన చూసుడు మన పానానికి."

పక్కన పిల్ల దాని నోరు మూసింది. అప్పటికే నేను విన్న.

బడికి పోయి గాలి పాఠం చర్చ పేజీ తెరిచిన. పదకొండేండ్లల మొదటిసారి.

నలభై మూడు ఉత్తరాలున్నయి. మొదటిది ఆరేండ్ల కిందిది. ఆ పిల్లోడు ఇప్పుడు పోశం దగ్గర ఫ్యాన్ పనిల ఉన్నడు. "గౌరవనీయులైన సార్‌కు. మీరు చెప్పింది నిజమే. కానీ నిన్న చెయ్యి నొస్తాంటే మీటర్‌ను నెత్తి మీద పెట్టుకున్న, అప్పుడు కుయ్యిమన్నది. ఒక్కసారి చూస్తరా?" దాని కింద ఇంకొకటి. దాని కింద ఇంకొకటి. ఏ తేదీన ఏ గ్యాలరీల ఎంత ఎత్తున ఎంత చూపించిందో పట్టికలు గీసిన్రు. రెండేండ్ల కింద ఒక పిల్ల పెద్దల దగ్గరికి పోయి అడిగొచ్చి రాసింది, రెండు రకాల చెడ్డగాలి ఉంటదని, ఒకటి కిందికి దిగేది, ఒకటి పైకి పొయ్యేది, బొగ్గుల పుట్టేది పైకి పొయ్యేదని. "సార్ చెప్పిన బాయి గాలి సుత తప్పు కాదు," అని నా పరువు కాపాడుతూ రాసింది. ఎవ్వలు నన్ను ఒక్క మాట అనలే. ఎవ్వలు నా రాతను ముట్టలే. పాఠాన్ని అట్లనే ఉంచి, నిజాన్ని నోటితోని చిన్నోళ్ళకు నేర్పుకుంట వచ్చిన్రు. ఆరేండ్ల నుంచి మా గనిల ఎవ్వలు చావలేదంటే అది నా పాఠం వల్ల కాదు.

ఆఖరు ఉత్తరం సారికది. నేను తిట్టిన రోజుకు ముందటి రోజు రాసింది.

"సార్‌కు. ఏడో గని టీచరమ్మ మన పుస్తకం తీసుకపోతాందట. మన నోటిమాట ఆమెకు తెల్వది. వాళ్ళకు పేజీల ఉన్నదే తెలుస్తది. అందుకే రేపు నేను మారుస్తాన్న. సార్ కొడితే కొట్టనీ."

గడియారం చూసిన. రెండున్నర. ఆరింటికి శాంభవి గోడ పగలగొట్టిస్తది. మోకాలెత్తుల చూస్తది, సున్నా ఉంటది, నీళ్ళు తోడే మోటర్ ఆన్ చేస్తది. పైకప్పుకు మండే గాలి ఉంటే మోటర్ నుంచి ఒక్క నిప్పురవ్వ చాలు. ముప్పై ఒక్క మంది పిల్లలు.

రేడియో పొద్దున ఆరింటికి పావుగంట పనిచేస్తది, మిగతా టైముల అటు వినేటోళ్ళుండరు. పోశం దగ్గరికి ఉరికిన.

"ఎండల తొడుక్కునే చల్ల చొక్కాలు ఎన్నున్నయి?"

"రెండు. ఒక్కోటి నలభై నిమిషాలు చల్లగ ఉంచుతది. ఎందుకు?"

చెప్పిన.

"నీకేమన్న పిచ్చా ఓదెలూ? మీద యాభై రెండున్నది. ఎవ్వలన్న పడుచోన్ని పంపిస్త."

"ఎవ్వలు పోయి చెప్పినా నమ్మది. ఆ పేజీ మీద నా పేరున్నది."

పోశం రెండు చొక్కాలు, రెండు తడి గోనెపట్టాలు, పొడుగు కట్టె ఒకటి ఇచ్చిండు. "పడిపోతే కట్టె పైకి లేపు, పిట్టలన్న చూస్తయి," అని తిట్టి, గేటు తెరిచిండు.

ఆరు కిలోమీటర్లు. ఎనభై నిమిషాల చల్లదనం. నా మోకాళ్ళు. మొదటి చొక్కా ఇంకా సగం తొవ్వ పోకముందే అయిపోయింది. రెండోది తొడుక్కుంటాంటే చేతులు కాలినయి. తారు రోడ్డు చెప్పులకు అంటుకుంటాంది. మూడుసార్లు కూలబడ్డ. మూడోసారి ఇగ లేవద్దనిపించింది, నిజం చెప్తాన్న. అప్పుడు సారిక కండ్లల్ల తిరిగిన నీళ్ళు యాదికొచ్చినయి. లేచిన. రెండో చొక్కా ఆఖరు అర కిలోమీటరు ముందే చచ్చింది.

ఏడో గని గేటు దగ్గర నన్ను ఇద్దరు మోసుకపోయిన్రు. నీళ్ళు పోసిన్రు. తాగకముందే "శాంభవి ఎక్కడ?" అన్న. గంట ఐదైంది. పిల్లలు తొందర పెట్టిన్రని ముందుగాలనే మొదలుపెట్టిన్రట. గోడల మనిషి పట్టేటంత సందు చేసిన్రు. శాంభవి మోకాళ్ళ మీద వంగి ఉన్నది. మీటర్ సున్నా చూపిస్తాంది. పిల్లలు చప్పట్లు కొడుతున్నరు. ఒకాయన మోటర్ స్విచ్ మీద చెయ్యి పెట్టిండు.

"చెయ్యి తియ్యి!" అని అరిచిన. నా గొంతు నాకే ఇనబడలే. మళ్ళ అరిచిన. అందరు తిరిగి చూసిన్రు.

మీటర్ గుంజుకొని కట్టెకు కట్టి, సందుల నుంచి పైకప్పుకు పెట్టిన. కుయ్యిమని మొత్తుకున్నది. ఆరు పాయింట్ ఒకటి శాతం. ఐదు దాటితే ఒక్క నిప్పురవ్వకు పేలుతది.

శాంభవి మీటర్ దిక్కు ఒక్కసారి చూసింది. పిల్లలందరిని దూరం పంపించి, వచ్చి నా పక్కన కూలబడ్డది.

"మీ బడిల ఒక పిల్ల పొద్దున గేటు దాక వచ్చింది సార్," అన్నది. "సారిక అట. పైన సుత చూడుండ్రి మేడం, కింద చూస్తే సరిపోదు అన్నది. నేను పేజీ తీసి చూసిన. మీ పేరున్నది. పదమూడేండ్ల పిల్ల మాట వినాల్నా, పెద్దసారు మాట వినాల్నా అనుకున్న. మీ మాటనే విన్న."

ఆ మాట ముందట ఎండ ఏ పాటిది.

శాంభవి పలక తీసుకొని నా రాతను నేనే కొట్టేసిన. సారిక రాసింది మాటకు మాట గుర్తు తెచ్చుకొని రాసిన. కింద సారిక పేరే పెట్టిన. కానీ శాంభవి ఆ పలకను మళ్ళ నా చేతులకే ఇచ్చింది. "ఈ నకలు వద్దు సార్. చర్చలు వదిలేసిన నకలు నాకెందుకు? పెద్ద పలక తెచ్చుకొని మళ్ళ వస్త."

36వ రోజు

నాలుగు రోజులు ఏడో గనిల పండుకున్న. నిన్న తెల్లారగట్ల ఇద్దరు పడుచోళ్ళు తోలుకొచ్చిన్రు. పెయ్యి మీద తోలు పొరలు పొరలుగ లేస్తాంది. పోశం చూసి, ఉల్లిగడ్డ లెక్క ఉన్నవ్ అన్నడు.

ఇయ్యాల ఎనిమిదో తరగతికి పోయిన. సారిక ఎనుక బెంచీల ఉన్నది. తరగతి ముందట నిలబడి చెప్పిన. నేను తప్పు రాసిన. ఆరేండ్లు మీరు చెప్పిన్రు, నేను చదవలే. ఈ పిల్ల సరిచేస్తే తిట్టిన. నా వల్ల ముప్పై ఒక్క మంది పోయేటోళ్ళు. సారికా, నన్ను మాఫ్ చెయ్యి బిడ్డా.

సారిక లేచి నిలబడ్డది. ఈసారి తల దించుకోలే.

"నాది సుత తప్పే సార్."

"నీదేం తప్పు?"

"మీరు రద్దు చేసినంక నేను మళ్ళ మార్చాలె. మీరు ఒక్కసారి తిట్టంగనే ఊకున్న. నిజమని తెలిసి ఊకున్న. ఆమెకు నోటితోని చెప్పిన, పేజీల ఉంచలే."

పిల్లకు అంత భయం నేర్పింది నేను, తప్పు మాత్రం తన లెక్కల రాసుకుంటాంది. చాకుపీసు తీసి ఆ పిల్ల చేతుల పెట్టిన. గాలి పాఠం నువ్వే చెప్పు అన్న. వెళ్ళి ఆమె బెంచీల, ఆమె జాగల కూసున్న. మోకాళ్ళు బల్లకు తగిలి మస్తు నొచ్చినయి.

సారిక మొదలు రెండు నిమిషాలు గోడ దిక్కు చూసి మాట్లాడింది. తర్వాత మా దిక్కు తిరిగింది. రెండు గాలుల సంగతి చెప్పింది. బాయిల కందిలి ఎందుకు పనికొస్తదో, బొగ్గు గ్యాలరీల ఎందుకు సరిపోదో చెప్పింది. నేను ముప్పై ఏండ్లల చెప్పిన ఏ పాఠం ఇంత మంచిగ లేదు. తర్వాత అడిగింది: "మూసిన గ్యాలరీ తెరవాలె. మీటర్ అన్నిటికన్న ముందు ఎక్కడ పెట్టాలె?"

నేను చెయ్యి ఎత్తిన. ఎత్తేసరికి తరగతంతా నా దిక్కు తిరిగింది.

"పైకప్పు దగ్గర!" అన్న, గట్టిగ.

"తప్పు సార్," అన్నది సారిక. "లోపలికి చూడకముందే, గోడ పగలగొట్టకముందే, గోడల లోపలి గాలి కారే చిన్న పగులు ఎక్కడుందో వెతికి ఆడ పెట్టాలె. కూసోండి."

తరగతంతా నవ్వింది. నేను కూసొని రాసుకున్న.